గండిచెరువు బొగ్గులు

చంద్రగిరి దాటి పాకాల వైపు పోతే, ఎడమపక్క కొండ కింద గండిచెరువు అని ఒకటుంది. చెరువంటే పేరుకే. కట్ట ఎప్పుడు తెగిందో ఎవరికీ గుర్తు లేదు. లోపలంతా నల్లతుమ్మ అడవి. పగలు మేకల్ని కూడా ఆ పక్కకు తోలరు. రాత్రయితే ఇంక చెప్పనక్కర్లేదు — అడ్డదారి అని తెలిసినా బైకులవాళ్లు చుట్టు తిరిగే పోతారు.

ఎందుకంటే అక్కడ దెయ్యం ఉంది. ఇది నా మాట కాదు, చూసొచ్చి జ్వరాన పడినవాళ్ల మాట. ఒళ్లంతా తెల్లగా ఉన్న ఒక ఆడమనిషి... నేల మీద కాదు, పొగ మీద నడుస్తుందట. దగ్గరికొచ్చి మెల్లగా ఒకే ఒక్క మాట అడుగుతుందట — ఇది ఏ ఊరు, అని. పొరపాటున చెప్పారో, వెంటే ఊళ్లోకి వచ్చేస్తుంది. వచ్చిందంటే ఊళ్లో ఒక శవం లేవాల్సిందే. అందుకే ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అందరూ కాలికి బుద్ధి చెప్పినవాళ్లే.

గోవిందస్వామి ఆచారికి దెయ్యాల మీద నమ్మకం లేకపోలేదు. ఉంది, బాగానే ఉంది. కానీ ఆయనకు దెయ్యం కన్నా పెద్ద బాధ వచ్చి పడింది. అది బొగ్గు.

ఊళ్లో కొలిమి ఆయనదొక్కటే. రాళ్లు కొట్టేవాళ్ల ఉలులన్నీ ఆయన చేతికే వస్తాయి. ఉలి నిలవాలంటే బొగ్గు బాగుండాలి. అంగట్లో దొరికే రాక్షసి బొగ్గులో సగం రాయి, మిగతా సగం గంధకం కంపు. ఆ నిప్పులో కాల్చిన ఇనుము చూపుకు బాగానే ఉంటుంది, గట్టి దెబ్బ పడితే పెంకులా ఎగిరిపోతుంది. అదే నల్లతుమ్మ బొగ్గయితే పొగ ఉండదు, చిటపటలు ఉండవు, రెండు ముక్కలు తట్టి చూస్తే కంచులా మోగుతుంది. అలాంటి సరుకు దామోదరం అనేవాడు తెచ్చి వేసేవాడు. ఎక్కడిదని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. వేసవి ముందు నుంచి అదీ మానేశాడు. తిరుపతిలో కోళ్లు కాల్చే హోటళ్లవాళ్లే ఉన్నదంతా ఎత్తుకుపోతున్నారట.

కానిమ్మని ఆచారి రాక్షసి బొగ్గుతోనే నెట్టుకొచ్చాడు. ఒకరోజు రాయి కొడుతుంటే ఉలి మొన విరిగి అమర్‌నాథ్ కంట్లోకి దూసుకుపోయింది. అమర్‌నాథ్ పరాయివాడు కాదు, ఆచారి భార్య లోకేశ్వరికి సొంత తమ్ముడు. ఆసుపత్రిలో ఎంత చూసినా కన్ను దక్కలేదు. లోకేశ్వరి మొగుణ్ని ఒక్క మాట అనలేదు... అనుంటే బాగుండేది. ఆచారి పదునుకొచ్చిన ఉలులన్నీ ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేశాడు. మంచి బొగ్గు దొరికేదాకా ఇంకో ఉలి ముట్టకూడదనుకున్నాడు.

దామోదరం వేసిపోయిన పాత గోనెసంచి ఒకటి మూల పడి ఉంది. విదిలిస్తే అడుగు నుంచి నత్తగుల్లలు రాలాయి, బూడిదరంగు ఒండ్రుమట్టి రాలింది. తుమ్మలూ చెరువు మట్టీ కలిసి ఉండే చోటు ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. ఆ చోటు పేరు నోటికి రాగానే ఆచారి సంచి కింద పడేశాడు. బామ్మర్ది కన్ను గుర్తొచ్చి బైకు తీశాడు.

పొద్దుండగానే చూసి వచ్చేద్దామని ఆయన ఆలోచన. తానొకటి తలిస్తే తుమ్మముల్లు ఒకటి తలిచింది. కట్ట దిగేలోపలే టైరు పోయింది. బైకు తోసుకుంటూ, పాత బండిబాట అనుకుని ఇంకో బాట పట్టి, దారి తప్పాడు. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. పొద్దు గూకింది.

గాలి లేదు. కీచురాళ్లు కూడా ఉన్నట్టుండి నోరు మూసుకున్నాయి.

ముందు వాసన వచ్చింది — పచ్చికట్టె లోలోపల ఉడుకుతున్న వాసన. తరువాత చెట్ల మధ్య గుడిసెంత మట్టిదిబ్బ కనిపించింది. దాని ఒంటి నిండా సన్నసన్నగా పొగ. దాని మీద...

దాని మీద ఎవరో నడుస్తున్నారు.

నెత్తి నుంచి పాదం దాకా తెలుపు. వంగుతోంది, లేస్తోంది, రెండడుగులు వేసి మళ్లీ వంగుతోంది. ఏ చప్పుడూ లేదు. ఆచారి చేతుల్లోంచి బైకు జారి పడింది.

ఆ తల ఇటు తిరిగింది.

పరుగెత్తుదామని వెనక్కి తిరిగితే, కింద పడిన బైకే కాళ్లకు అడ్డం పడింది. ఆమె దిబ్బ దిగింది... పొగలోంచి బయటికొచ్చింది... బారెడు దూరంలో నిలబడింది.

"అబ్బయ్యా... ఇది యే ఊరు?"

ఆచారి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పళ్లు కరిచిపట్టాడు. ఎవరూ చెప్పలేదు, తనూ చెప్పకూడదు...

అప్పుడామె దగ్గింది.

రొమ్ము చీలిపోతుందా అన్నట్టు, వంగిపోయి, ఆగకుండా దగ్గింది. ఆ దగ్గు ఆచారికి తెలుసు. వాళ్ల నాయన కొలిమి ముందు కూర్చుని బతికినన్నాళ్లూ దగ్గిన దగ్గు అది. దెయ్యాలు ఎన్నయినా చేస్తాయేమో గానీ పొగకు దగ్గవు. ఆయన కళ్లు తెరిచాడు. ఒంటి మీద తెలుపు — బూడిద. చేతిలో ఉన్నది తడిమట్టి ముద్ద. ఆ దిబ్బ బొగ్గుల బట్టీ.

బట్టీ సంగతి ఆచారికి తెలియంది కాదు. కట్టెలు పేర్చి, మట్టి కప్పి, లోపల నిప్పు పెడితే రోజుల తరబడి మగ్గాలి. ఎక్కడైనా మట్టి బీటలిచ్చి గాలి దూరిందో, భగ్గుమని మొత్తం బూడిదైపోతుంది. అందుకే రాత్రంతా ఒక మనిషి దాని మీద తిరుగుతూ బీటలు పూడ్చాలి.

"నువ్వు మనిసివేనా అమ్మా?" అన్నాడు.

ఆమె పేరు చెంచమ్మ. నెల్లూరు అవతల, సముద్రం పక్క ఊరట. మామిడి పూత పూసేటప్పుడు పనుందని చెప్పి, కప్పేసిన వ్యానులో రాత్రికి రాత్రి తెచ్చి ఇక్కడ దించారు. ఫోన్లు లాక్కున్నారు. రాత్రయితే మొగుణ్ని, పిల్లల్ని రేకుల షెడ్డులో పెట్టి తాళం వేస్తారు, ఆమె ఒక్కతే బట్టీ కాయాలి. వాళ్లను వదిలేసి ఆమె ఎక్కడికి పోతుంది? ఒకసారి కట్ట మీద, సిగ్నల్ ఉన్న చోట, కాపలావాడి ఫోను చేతికి చిక్కితే అన్నకు చేసింది. ఏ ఊళ్లో ఉండావో చెప్పు, ఇప్పుడే బయల్దేరతానన్నాడు. ఆమెకు తెలియదు. అంతలోనే ఫోను గుంజుకున్నారు. అప్పటి నుంచి బాటన పోయే ప్రతివాణ్నీ అడుగుతూనే ఉంది.

"అడిగితే పారిపోతుండారు అబ్బయ్యా, అందరూ."

ఆచారికి తల కొట్టేసినట్టయింది.

"ఇది గండిచెరువు. సంద్రగిరి దాటినాక. నా పేరు గోవిందస్వామి, కొలిమి ఆచారి అంటే ఎవురైనా సెప్తారు. నేను పోయి మనుసుల్ని పిల్సకొస్తా."

ఆమె ఆ మాటల్నే పెదవుల మధ్య మళ్లీ మళ్లీ అనుకుంది, ఎక్కడ మరిచిపోతానోనని. ఇంతలో చెట్ల మీద వెలుతురు పడింది. వ్యాను. ఆమె ఆయన్ని తుమ్మపొదల్లోకి ఒక్క తోపు తోసింది.

"ఎవురితో మాట్లాడతా ఉండావు?"

ఆ గొంతు దామోదరానిది. ముళ్లల్లో పడి ఉన్న ఆచారికి అప్పుడు గుర్తొచ్చింది — టీ అంగట్లో ఈ దెయ్యం కథ మొట్టమొదట చెప్పింది ఎవరో.

"ఎవురూ లేరు సామీ," అంది చెంచమ్మ.

టార్చి వెలుతురు అటూ ఇటూ తిరిగి, కింద పడి ఉన్న బైకు మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఆగింది.

ఆచారి ముళ్లల్లోంచి పాక్కుంటూ, పడుతూ లేస్తూ రోడ్డెక్కి, ఫోను పలికిన చోటల్లా ఆగి పోలీసులకు, రెవెన్యూవాళ్లకు ఫోన్లు చేశాడు. పాపం ఆఫీసర్లు ఆలస్యం చేయలేదు, తెల్లవారుతుండగానే జీపుల్లో వచ్చారు. షెడ్డు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. బట్టీని తన్నేసి పోయారు, నిప్పులింకా ఎర్రగా ఉన్నాయి. దామోదరం పేరు చెబితే, సాక్ష్యం ఏదీ అన్నారు.

ఇంటికొస్తే గుమ్మం ముందు బైకు నిలబెట్టి ఉంది. టైరుకు పంచరు వేసి ఉంది. వెనక సీటు మీద నిండు మూట — నల్లతుమ్మ బొగ్గు. ఎవరు తెచ్చారో లోకేశ్వరికి తెలియదు, బండి చప్పుడు విని ఆయనే వచ్చాడనుకుందట.

దామోదరం మాత్రం టీ అంగట్లో అందరి ముందరే చల్లగా అన్నాడు: "నీకు దెయ్యం కనపడిందిలే ఆచారీ. రొండు దినాలు రాత్రుళ్లు తిరగొద్దు." ఊరంతా తల ఊపింది.

ఆచారి ఆ మూట విప్పలేదు. ఇన్నాళ్లూ తన కొలిమి వెలిగింది ఎవరి దగ్గుతోనో తెలిశాక ఆయనకు నిప్పు ముట్టించ బుద్ధి కాలేదు. ఉలులు పట్టుకుని వచ్చినవాళ్లు వచ్చినట్టే తిరిగిపోయారు.

మామిడికాయల కాలం ముగుస్తుండగా, బంగారుపాళ్యం దిక్కు నుంచి ఒకడు గొడ్డలికి పదును పెట్టించుకోవాలని వచ్చాడు. ఎవరో కొలిమి ఉందని చెబితే వచ్చాడు, ఊరికి కొత్త. తొందరగా కానీయమని ఒకటే పోరు. చీకటి పడితే తోటల వెనక బాటన పోలేడట... ఈ మధ్యే అక్కడ ఒక దెయ్యం దిగిందట. ఒళ్లంతా తెల్లగా, పొగ మీద నడుస్తూ.

"ఏమన్నా అడగతాదా?" అన్నాడు ఆచారి.

"అడగదుప్పా. పిలస్తాది. అందుర్నీ ఒకే పేరు పెట్టి పిలస్తాది."

"ఏం పేరు?"

"ఎవురో గోవిందస్వామి ఆచారి అంట. ఆ పేరు గలోడికి మూడిందని మా ఊర్లో అనుకుంటా ఉండారు."

ఆచారి లేచి, కొక్కేనికున్న చొక్కా తీసి వేసుకున్నాడు.

"ఆ పేరు గలోణ్ని నేనేప్పా," అన్నాడు. "బండెక్కు. సోటు సూపించు."