మూడో రేడియో

అతను మూడు రేడియోలు తెచ్చి ముందుగదిలో బల్ల మీద వరసగా పెట్టాడు. ఆమె వంటింటి గుమ్మంలోంచి చూసింది. చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"ఏమిటివి?"

"రిపేరు షాపు పెద్దాయన ఇచ్చాడు. ఇవాళ సాయంత్రం విని చూసి, నచ్చింది ఉంచుకోమన్నాడు. మిగతా రెండూ రేపు తిరిగిచ్చేయాలి."

"మూడిట్నీ వరసగా కూర్చోబెట్టారు. పెళ్లిచూపులా?"

అతను నవ్వలేదు. బ్యాటరీలు వేసుకుంటూ ఉండిపోయాడు. అతనెప్పుడూ అంతే. ఎంత తిట్టినా గోడకి తగిలినట్టే. పదకొండు నెలల క్రితం పాత రేడియోని ఆమె మేడమెట్ల మీంచి కిందికి విసిరికొట్టింది. అప్పుడూ ఒక్క మాట అనలేదు. ముక్కలు ఏరుకుని సంచిలో వేసుకున్నాడు. రేడియో విన్నందుకు కాదు గానీ, ఆ ఒక్క మాట అననందుకు ఆమెకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పగలంతా ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకోవడం అతని ఉద్యోగం. చీకటి పడితే మీడియం వేవు. పగలు ఊరి పొలిమేర దాటని స్టేషన్లు పొద్దు గూకాక ఎక్కడెక్కడి నుంచో వస్తాయట. అర్థం కాని భాషలో వార్తలు, సగంలో తెగిపోయే పాటలు. ఏ స్టేషను ఎన్నింటికి వచ్చిందో నోటుబుక్కులో రాసుకుని మురిసిపోయేవాడు. మూడువేల కిలోమీటర్ల అవతల ఎవరో దగ్గితే వినగలిగిన మనిషి, పక్కగదిలో కూతురు పిలిస్తే వినలేదు.

ఈ మాట ఆమె అతని మొహం మీద చాలాసార్లు అంది. బంధువుల ముందు కూడా అంది. అన్న ప్రతిసారీ లోపల ఏదో గీసుకుపోయేది. ఎందుకంటే ఆమె చెప్పని సంగతి ఇంకొకటి ఉంది.

కూతురికి ఎనిమిదేళ్లు. సన్నగా ఉండేదని పిట్ట అని పిలిచేవారు. ఆయాసం ఉండేది. చలికాలం వస్తే రాత్రిళ్లు ఎవరో ఒకరు లేచి మందు పీల్చే పంపు నోట్లో పెట్టాలి, వీపు రుద్దాలి. నాలుగేళ్లు లేచింది ఆమే. ఆ రోజు మాత్రం తెగేసి చెప్పింది. "పొద్దున్నకల్లా ఇరవై రెండు యూనిఫాంలు ఇవ్వాలి. ఈ ఒక్క పూట మీ వంతు. నేను కుర్చీలోంచి లేవను." అతను సరేనన్నాడు. సరేనని, తన గది తలుపు వేసుకుని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఆమె కుట్టుమిషను మోటారు రొద రేడియోలో పడుతుంది, ఆ రొదలో స్టేషను వినాలంటే అవి ఉండాలని అతని గోల.

మిషను చప్పుడులో తనకి వినపడలేదని ఆమె అందరికీ చెప్పింది.

వినపడింది.

"అమ్మా" అని ఒక్కసారి. మిషను ఆపింది. చెవి ఒగ్గింది. ఇవాళ నా వంతు కాదు, ఆయన్ని లేవనీ అనుకుంది. పళ్లు బిగించి మళ్లీ పెడలు తొక్కింది. దారం పుటుక్కున తెగేదాకా లేవలేదు. తెగాక లేచి వెళ్లి చూసింది. అప్పటికే అయిపోయింది.

"మెయిన్ ఆపుతున్నాను" అన్నాడతను, చివరి రేడియోలో బ్యాటరీలు వేసి.

"ఆపండి. ఇల్లు ఎలాగూ చీకటే."

బల్బులు వెలిగినా, ఫ్యాన్లు తిరిగినా మీడియం వేవులో గీ అని రొద వస్తుంది. అందుకని మిషను నడవని రాత్రుల్లో దూరపు స్టేషన్లు వినేటప్పుడు అతను ఇంటి కరెంటు మొత్తం ఆపేసేవాడు. ఇప్పుడూ మీటరు పక్కనున్న స్విచ్చి కిందికి లాగాడు. ఫ్యాను ఒక రెక్క చప్పుడు చేస్తూ నెమ్మదించి ఆగింది. ఫ్రిజ్ ఒకసారి వణికి ఊరుకుంది. ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉందని ఆమె మర్చిపోయింది. కిటికీ అవతల ఆకాశం ఇంకా కొంచెం ఊదారంగులో ఉంది. మూలన కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆ రోజు తర్వాత ఆమె దాని ముందు కూర్చోలేదు. షాపుకి వెళ్లి అక్కడి మిషను మీదే కుడుతోంది. మిషను నూనె వాసన మాత్రం ఆ మూలని వదల్లేదు.

"మీకు సిగ్గు లేదా?" అంది నెమ్మదిగా.

అతను స్విచ్చి దగ్గర్నుంచి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"సరదాకి తేలేదు. నిన్న షాపులో పెద్దాయన ఒక సెట్టు బాగుచేస్తూ ముల్లు తిప్పుతున్నాడు. రెండు స్టేషన్ల మధ్య ఏమీ రాని చోట మన మిషను వినపడింది."

"ఏ మిషను?"

"నీ మిషను. బెల్టు తెగితే నువ్వే దారంతో కుట్టుకున్నావే, ఆ ముడి చక్రం మీదికి వచ్చినప్పుడల్లా టిక్కుమంటుంది. రేడియోలో ఏళ్ల తరబడి తిట్టుకుంటూ విన్నవాణ్ణి. నాకు తెలీదా?"

ఆమె నవ్వబోయింది.

"పెద్దాయనకి గరగర తప్ప ఏమీ వినపడలేదట. అందుకే మంచి సెట్టు కావాలి" అన్నాడు. "ఆ రోజు నేను వినందేదో..."

అక్కడితో ఆపి ఒక సెట్టు అందుకున్నాడు.

మొదటిది అరచేతిలో పట్టే సెట్టు. అంకెలు పచ్చగా వెలుగుతున్నాయి. లోపల వేలెడు కడ్డీయే ఉంటుంది, అదే దీని ఏరియల్, బలహీనమైన స్టేషన్లు సరిగ్గా అందవు అన్నాడు. అలవాటు కొద్దీ చెప్పుకుపోతున్నాడు. ఆమెకి చెంప పగలగొట్టాలనిపించింది. అతను బటను నొక్కుతూ పోయాడు. బుసబుసమంటూ గాలి చప్పుడు. ఎవరో వార్తలు. మళ్లీ గాలి. అక్కడ ఆపాడు.

గాలి అడుగున సన్నగా... రొద.

టిక్. టిక్. టిక్.

ఆమె మూలకి చూసింది. దుప్పటి కదల్లేదు. మిషను ప్లగ్గు నేల మీద పడి ఉంది.

"...మ్మా..."

గరిటె ఎప్పుడు జారిందో తెలీదు. నేల మీద పడి ఖంగుమంది. రొద ఇంకొంతసేపు సాగి గాలిలో కలిసిపోయింది.

"కాసేపాగితే మళ్లీ మొదటి నుంచి వస్తుంది" అన్నాడతను గుసగుసగా. "షాపులో మూడుసార్లు వచ్చింది."

"కట్టేయండి."

"ఇది బాగా పట్టట్లేదు. రెండోది చూద్దాం."

"కట్టేయమంటున్నాను."

అతను రెండోదాన్ని దగ్గరికి లాక్కున్నాడు. పెద్ద స్పీకరు, నిండైన గొంతు. కానీ పక్క స్టేషను మీద పడి తొక్కేస్తోంది, ఎవరో ఆడమనిషి గలగలా మాట్లాడుతోంది. అతను సెట్టుని బల్ల మీదే నెమ్మదిగా పక్కకి తిప్పాడు. కడ్డీ కొస ఎటు చూస్తే అటునుంచి వచ్చే స్టేషను అణిగిపోతుందట. తిప్పగా తిప్పగా ఆ మాటలు ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయాయి. వాటి కింద ఉన్నది పైకి తేలింది.

టిక్. టిక్.

"అమ్మా..."

రొద ఆగింది.

అతను వేళ్లు ముడిచి లెక్కపెడుతున్నాడు. ఒకటి. రెండు. మూడు... పదకొండు అయ్యాయి.

రొద మళ్లీ మొదలైంది.

అతను తలెత్తాడు. చీకట్లో మొహం కనపడలేదు. గొంతు మాత్రం ఆమె ఎప్పుడూ విననిది.

"నువ్వు ఆపావు."

ఆమె కింద పడ్డ గరిటె కోసం వంగింది.

"అది పిలిస్తే మిషను ఆపావు. విన్నావు. విని మళ్లీ తొక్కావు."

"విన్నాను" అంది. పదకొండు నెలలుగా పళ్ల వెనక దాచుకున్నది ఒక్కసారిగా బయటపడింది. "అయితే ఏం చేస్తారు? నాలుగేళ్లు లేచాను. ఒక్క పూట మీ వంతన్నాను. మీరు సరేనన్నారు. మీరు లేస్తారేమోనని పదకొండు లెక్కపెట్టేదాకా చూశాను. మీ చెవులకి ఆ దిక్కుమాలిన డొప్పలు ఉన్నాయని నాకేం తెలుసు?"

"నా ఒక్కడి మీదే తోశావు."

"తోశాను. మీరు పడ్డారు. ఒక్కసారైనా తిరగబడి అడిగారా? అడిగితే చెప్పేదాన్ని కదా!"

గాలి చప్పుడు గది నిండా పరుచుకుంది. అతను రెండో సెట్టు కట్టేశాడు. తర్వాత మూడోదాన్ని ముందుకి జరిపాడు.

"వద్దు" అంది ఆమె. ఈసారి గొంతులో కోపం లేదు. "అంతా తెలిసిపోయింది కదా. ఇంకేం వినాలి?"

"ఇది పెద్దాయన తన కోసం దాచుకున్నది. అన్నిటికన్నా బాగా పడుతుందన్నాడు."

గీతలు పడ్డ బరువైన పాత సెట్టు. లోపల జానెడు కడ్డీ. ముల్లు ఒక దారం మీద కదులుతుంది. పాత బేకలైటు వాసన, కాలిన దుమ్ము వాసన. అతను గుండ్రటి మీటని వెంట్రుకవాసి తిప్పాడు.

గాలి లేదు. గరగర లేదు.

ఇదే గది. రేడియోలో ఇదే గది వినపడుతోంది. పెడలు మీద కాలు. సూది కింద బట్ట జరగడం. ఆమె పళ్లు నూరుకోవడం.

"అమ్మా..."

రొద ఆగింది. పదకొండు. రొద మొదలైంది.

టిక్. టిక్. టిక్.

అప్పుడు వినపడ్డాయి.

అడుగులు.

చెప్పుల్లేని కాళ్లు. నెమ్మదిగా, నేలని తడుముకుంటున్నట్టు. పిట్ట పడుకునే లోపలి గది వైపు.

అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వెళ్లావు" అన్నాడు. "వెళ్లావు కదా. మరి లేవలేదంటావేమిటి..."

"మిషను వినండి" అంది ఆమె.

"ఏమిటి?"

"మిషను నడుస్తూనే ఉంది. కుర్చీలో ఉన్నది నేను."

అతని పట్టు వదులైంది.

టిక్. టిక్. లోపలి గది తలుపు తెరిచిన చప్పుడు. మంచం కిర్రుమంది. పిట్ట ఊపిరి ఈలలా... దగ్గరగా... మరీ దగ్గరగా.

"అమ్మా, వచ్చావా..."

ఒక ఆడగొంతు జవాబిచ్చింది. అలసిన గొంతు. విసుగుని లాలింపులో కలిపిన గొంతు. ఆమెదే.

"వచ్చాను తల్లీ. పడుకో."

ఈల ఆగిపోయింది.

అతని నోట్లోంచి మాట కాదు, ఇంకేదో వచ్చింది. ఆమె మీట వైపు చెయ్యి చాచింది. వేళ్లు దానిదాకా వెళ్లలేదు. తనెప్పుడూ ఆ మాట అనలేదు. ఆ రాత్రి అనలేదు. అని ఉండాల్సిన మాట, అచ్చం తను అనే తీరులో, ఎవరో అన్నారు.

అడుగులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి లోపలి గదిలోంచి ముందుగదికి.

టిక్. టిక్. మిషను నడుస్తూనే ఉంది. కుర్చీలో కూర్చున్న ఆమె పళ్లు నూరుకుంటూనే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు. అడుగులు కుర్చీ వెనక దాకా వచ్చాయి.

ఆగాయి.

చాలాసేపు ఏమీ లేదు... ఎవరో వంగుతున్నట్టు బట్టల రాపిడి.

పుటుక్.

మిషను ఆగిపోయింది.

రేడియోలో ఇక ఏమీ రాలేదు. బయట ఆకాశంలో ఊదారంగు కూడా పోయింది. ఆమె లేచి, తడుముకుంటూ మూలకి వెళ్లి, మిషను మీది దుప్పటి లాగేసింది. ఆ రోజు కుడుతున్న యూనిఫాం ఇంకా సూది కిందే ఉంది. తెగిన దారం కొసని వేళ్ల మధ్య పట్టుకుంది.

లాగితే తెగిన దారం కొస చీలి పీచులా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా కుడుతోంది, ఆ మాత్రం తెలుసు.

ఇది నున్నగా ఉంది. కొంచెం తడిగా ఉంది. ఎవరో ఇప్పుడే పంటితో కొరికినట్టు.