మూడో పాప

కామాక్షయ్యగారు బల్ల మీద రెండు ఫొటోలు పడేశారు.

"బాగా చూడు, కృపాదానం."

మద్రాసులో ఎగుమతుల కంపెనీ బోర్డు తగిలించుకున్న ఆ ఆఫీసు నిజానికి కేంద్ర ప్రభుత్వపు గూఢచారి విభాగం. కామాక్షయ్యగారు దానికి చీఫ్. కృపాదానం ఆయన దగ్గర ఏజెంటు, నెల్లూరు వాడు.

రెండు ఫొటోల్లోనూ ఒకే దొర, ఒకే దొరసాని. ఒకటి సింహళం బీచి, ఇంకొకటి పెనాంగ్ బీచి. మధ్యలో నవ్వుతున్న పిల్ల మాత్రం వేరు వేరు.

"మొదటి పాప సముద్రంలో మునిగిపోయింది. ఊరంతా వెతకడానికి పరిగెత్తింది. ఆ సందట్లో రేవులో ఆయిల్ టాంకు పేలింది. మరుసటేడు రెండో పాప మునిగింది. ఆ పూట వంతెన పేలింది. ముచ్చటైన ఫ్యామిలీ హాలిడే, కదూ?"

"ఇప్పుడెక్కడున్నారు సార్?"

"నాయుడుపేటలో రైలు దిగి పట్టపుపాళెం చేరారు. సముద్రం ఒడ్డున ట్రావెలర్స్ బంగళాలో మకాం. పక్కనే మన కొత్త వైర్‌లెస్ స్టేషన్. దొర పేరు హార్మన్, ఆవిడ లీనా. వెంట నాలుగేళ్ల పాప."

కృపాదానం కుర్చీలోంచి లేచాడు.

"అరెస్టు చేద్దాం సార్."

"సాక్ష్యమేదీ? పైగా బాంబు పట్టుకొచ్చే మూడోవాడెవడో తెలీదు. వాడు చేతికి చిక్కాలి. అంతదాకా బంగళాలో ఉండి కనిపెట్టు. ఆ పూట మాత్రం నీ డ్యూటీ స్టేషన్ గేటు. ఏం జరిగినా కదలొద్దు. లీనా మన డబుల్ ఏజెంటని ఢిల్లీ నమ్మకం. నాకు లేదు. ఆవిడ చెప్పే కోడ్ వర్డ్, సూపులో మిరియాలు."

"మరి పాప?"

కామాక్షయ్యగారు ఫొటోలు సొరుగులో పెట్టేసుకున్నారు.

బంగళాలో కృపాదానం బట్లరు వేషం కట్టాడు. మీసం తీసేశాడు. టిఫిన్ కారియర్ అడుగు గిన్నెలో ట్రాన్స్‌మిటర్, పై గిన్నెలో బైనాక్యులర్స్. మధ్య గిన్నెలో నిజంగానే ఉప్మా.

పాప పేరు మిమీ. పొద్దస్తమానం వంటింటి గడప మీద కూచునేది. ఒకరోజు గౌను కాలర్ తిప్పి చూపించింది. లోపల ఎర్ర దారంతో వేరే పేరు కుట్టి ఉంది.

"ఇది ఆనా గౌను," అంది ఇంగ్లీషులో.

"ఆనా ఎవరమ్మా?"

"నా గదిలోనే ఉంటుంది. ఎప్పుడూ తడిగానే ఉంటుంది."

దయ్యాలను కృపాదానం నమ్మడు. కానీ ఆ రాత్రి మొదలు పాప గది ముందు నుంచి పోవాలంటే అతనికి భయం వేసింది. చచ్చిపోయిన బిడ్డ గౌను తీసుకొచ్చి బతికున్న బిడ్డకు తొడిగిన చేతులను తలుచుకుంటే ఇంకా భయం వేసింది.

మర్నాడు పొద్దున లీనా వంటింట్లోకి వచ్చింది. పట్టు గౌను, ఎర్రటి గోళ్లు, వేళ్ల మధ్య సిగరెట్.

"సూపులో మిరియాలు ఎక్కువయ్యాయి," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "రేపు సాయంత్రం. బాంబు చేపల బుట్టలో వస్తుంది. నా కేకే సిగ్నల్."

"బిడ్డ సంగతి?"

ఆమె పొగ వదిలింది. "అది నా డిపార్ట్‌మెంటు కాదు."

కృపాదానం అప్రాన్ విప్పి నేరుగా పాళెం పెద్దకాపు గంగులయ్య ఇంటికి పోయాడు. చేపలు పట్టి బతికే పట్టపు వాళ్లకు తమ కులపెద్ద అయిన కాపు మాటే శాసనం. కాపు 'దురాయి' వేశాడంటే, అంటే కట్టుబాటు చాటించాడంటే, దాన్ని దాటే మగాడు పాళెంలో పుట్టలేదు. సముద్రంలో మనిషి పోయినా అంతే, పొయ్యి మీది కూడు వదిలి అందరూ పరిగెత్తాల్సిందే. స్టేషన్ సెంట్రీలు కూడా ఈ పాళెం వాళ్లే. హార్మన్ లెక్క అదే.

"కాపన్నా, రేపటికి ఒక దురాయి వెయ్యాల."

"వంటోడివి, నీకెందుకబ్బా దురాయి?"

"ఆ దొర రేపు బిడ్డను సముద్రంలో వదిలేస్తాడు. ముందే ఇద్దరు బిడ్డలు పోయినారు. పోయిన బిడ్డ గౌను దీనికి తొడిగినారన్నా."

చేపలు కోస్తున్న గంగులయ్య భార్య గురవమ్మ కత్తి పక్కన పెట్టింది.

"ఇంకా ఏంది ఆలోచన? వెయ్యవయ్యా దురాయి!"

ఆ సాయంత్రం పాళెంలో తప్పెట మోగింది. "రేపు పొద్దుగూకేదాకా ఏ బిడ్డా సముద్రంలో కాలు పెట్టకూడదు! పెడితే, చూసినోళ్లు ఎత్తుకు రావాల! ఇది దురాయి!"

హార్మన్ అదేదో పండగ అనుకుని వరండాలోంచి ఫొటో తీసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం కృపాదానం స్టేషన్ గేటు స్తంభం చాటున నిలబడి బైనాక్యులర్స్ ఎత్తాడు. హార్మన్ పాపను భుజం మీద కూచోబెట్టుకుని నీళ్లలోకి నడుస్తున్నాడు. మోకాళ్ల లోతు. నడుము లోతు. ఒడ్డున వల బాగుచేస్తున్న ఆడవాళ్లు కోకలు ఎగ్గట్టి లేచారు. అంతలో పెద్ద అల లేచింది. ఏమీ కనబడలేదు.

లీనా కేక వినబడింది.

"బిడ్డ పోయినట్టుంది సార్!" సెంట్రీ చెంగయ్య అప్పుడే పరుగందుకున్నాడు.

"ఆగు!"

"ఆగేదేంది సార్, బిడ్డ!"

కృపాదానం బైనాక్యులర్స్ దించలేదు. కదలొద్దన్నారు. కదలకపోతే ఈ జన్మకు నిద్ర ఉండదు. అల విరిగింది. గురవమ్మ నీళ్లలోంచి వస్తోంది. చంకలో మిమీ, దగ్గుతూ, ఏడుస్తూ, బతికే ఉంది. వెనకాల హార్మన్‌ను ఆడవాళ్లు వలలో చుట్టేశారు.

"బిడ్డ ఒడ్డునే ఉంది, నిలబడు!"

చెంగయ్య పరుగు చూసి గేటు ఖాళీ అయిందనుకుని చేపల బుట్టవాడు గోడ చాటు నుంచి దూసుకొచ్చాడు. కృపాదానం పిస్తోలు వాడి చెవికి ఆనింది. చెంగయ్య బుట్టలోంచి గడియారం తీగ పీకేశాడు. ముళ్లు రెండూ కలవబోతూ ఆగిపోయాయి.

లీనా మాత్రం కేక ఆపలేదు. పాప పక్కనే ఉన్నా ఆమె చూపు సముద్రం మీదే ఉంది. "ఆనా! ఆనా!" అని అరుస్తూనే హార్మన్ వెంట పోలీసు జీపెక్కింది.

మర్నాడు కామాక్షయ్యగారు పాపను మద్రాసు తీసుకుపోవడానికి వచ్చారు. మిమీ గురవమ్మ ఒడిలో, పాళెం పిల్ల గౌనులో, చేప ముల్లు తీయించుకుని అన్నం తింటోంది.

"గవర్నమెంటు ఆర్డరు," అన్నారు చీఫ్.

గంగులయ్య చుట్ట వెలిగించుకున్నాడు. "బిడ్డ పాళెం దాటకూడదని పొద్దున్నే ఇంకో దురాయి వేసినాను సామీ."

"ఎప్పుడు ఎత్తేస్తారు?"

"పెళ్లీడు రానీండి, చూస్తాం."

భారత ప్రభుత్వం జీపెక్కి, వచ్చిన దారినే మద్రాసు పోయింది.