విజయమ్మ నిలువుదోపిడి

పక్కింటి రామేశ్వరమ్మ కుళాయి కాడ అనిందంట: "విజయమ్మ తన కడుపున పుట్టినదాన్ని వాళ్ల దేవునికి అప్పజెప్పేసింది. ఇంక ఆ పిల్లకు పెండ్లి లేదు, పేరంటం లేదు. యాడో ఎడారి దేశంలో ఎవురి పుండ్లకో కట్లు కట్టుకుంటా ముసిల్దయిపోతాది." ఆ మాటను కుళాయి కాడ నుంచి టీ అంగడికి మోసినవాడు పాల ఓబులేసు. టీ అంగడి నుంచి ఇంటికి తెచ్చినవాడు విజయమ్మ మొగుడు యేసుదాసు.

"ఆమె అనేదానికేముందిలే, పట్టించుకోవద్దు" అంటూనే ఒక్క ముక్క పోకుండా అంతా చెప్పి, ఉలుల సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఆళ్లగడ్డలో శిల్పులు దేవుళ్ల బొమ్మలు చెక్కే వీధి చివర అతనికో రేకుల పందిరి ఉంది. బొమ్మలు అతనికి రావు. సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుతాడు.

విజయమ్మ జొన్నరొట్టె తడుతూ ఉంది. ఇంకో రోజైతే రామేశ్వరమ్మ వాకిట్లోకే పోయి నాలుగు దులిపి వచ్చేది. ఆ పొద్దు కదల్లేదు. తను ఎవరికీ చెప్పుకోలేక లోపల్లోపల నములుతున్న మాటనే ఆ యమ్మ బయట ఉమ్మేసింది. అంతే తేడా. పెనం మీద రొట్టె మాడి వాసనొచ్చిందాకా ఆమెకు ఒళ్లు తెలియలేదు.

లోపల గదిలో కూతురు కీర్తన పెట్టె సర్దుకుంటోంది. నంద్యాల ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మానేసి వచ్చింది. ఆఫ్రికాలో చాద్ అనే దేశముందట, అక్కడ మిషను వాళ్ల ఆసుపత్రి ఉందట. ఈ ఆదివారం నంద్యాల గుడిలో ఆమెను పంపే ఆరాధన. ఆ పై వారం ప్రయాణం. చూసి వచ్చేదానికి పోవడం కాదు అది. వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లలో ఒకతిగా బతకడానికి పోవడం.

విజయమ్మ చింతకాయ ఊరగాయ జాడీ ఎత్తుకొచ్చింది. "ఇది పెట్టుకో."

"వద్దు మా. బరువు."

"ఊరగాయ బరువా? కన్నతల్లి కలిపిన ఊరగాయ బరువైపాయనా నీకు?"

"విమానమోళ్లకు బరువు మా, నాక్కాదు."

విజయమ్మ జాడీని గడప పక్కన పెట్టి అక్కడే కూలబడింది. "సేవే గదా నువ్వు చేసేది. నల్లమలలో గూడేలు లేవా? ఆడుండే చెంచులకు జొరాలు రావా? పొద్దున పోయి సందేళకు ఇంటికొచ్చే సేవ ఒక్కటీ దొరకలేదా నీకు?"

"నేనెతుక్కుంటే గదా దొరికేది. పంపేది మిషనోళ్లు."

"పోనని చెప్పు."

కీర్తన మడత పెట్టిన చీరనే విప్పి మళ్లీ మడత పెట్టింది. తల ఎత్తలేదు. "నువ్వే చెప్పు మా. ఏటేటా అందరి ముందర లేచి నిలబడి చెప్పింది నువ్వే గదా."

విజయమ్మ జాడీ మూత తీసి మళ్లీ బిగించింది.

నిజమే, చెప్పింది తనే. కీర్తన నెలలు నిండకముందే పుట్టింది, పిడికిలంత పిల్ల. నంద్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ పెదవి విరిచి పోయాక, విజయమ్మ పచ్చి బాలింత ఒళ్లుతో వరండాలో మోకాళ్లూని మొక్కుకుంది. దేవా, దీన్ని బతికియ్యి, నీ పనికే ఇచ్చేస్తా. పిల్ల బతికింది. అప్పట్నుంచి ఏటా కీర్తన పుట్టినరోజు వచ్చే వారం విజయమ్మ గుడిలో లేచి ఆ సాక్ష్యం చెప్పేది. కొత్త గౌనులో పిల్లను పక్కన నిలబెట్టుకునేది. జనం "స్తోత్రం" అనేవాళ్లు. "దేవుని బిడ్డ" అని బుగ్గలు పుణికేవాళ్లు. కీర్తన పెద్దదయ్యాక మూడు ముళ్ల మాట ఎత్తిన ప్రతివాళ్లకూ తానే జవాబు చెప్పింది: నన్ను ముందే ఇచ్చేసినారు.

అయితే దేవుని పని అంటే విజయమ్మ లెక్కలో సిరివెళ్ల దాకానో, మహా అయితే నంద్యాల దాకానో. ఏ పాస్టరయ్యకో ఇల్లాలవుతుంది, ఆదివారం పిల్లలకు పాటలు నేర్పుతుంది, పండగకు పుట్టింటికి వస్తుంది అనుకుంది. దేవుడు అంత దూరం పిలుస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

మధ్యాహ్నం రామేశ్వరమ్మే వచ్చింది, కొంగు కింద గిన్నెలో బొరుగుల ఉగ్గాని పెట్టుకుని.

"నేను అట్లనలేదక్కా. ఆ ఓబులేసుగాడు తోక తగిలించినాడు."

"అన్నావో లేదో గానీ, అబద్ధమైతే కాదులే."

ఆ గొంతు విని రామేశ్వరమ్మ మెత్తబడింది. పక్కన చతికిలబడి, వినిపించీ వినిపించనట్టు చెప్పింది. "మా ఇండ్లల్లో మొక్కు తీర్చలేకపోతే ఇంకో దోవ ఉంటాదక్కా. నిలువుదోపిడి. ఒంటి మీదుండే నగలన్నీ ఒలిచి హుండీలో ఏసి, నా కాడ ఉండేది ఇంతే సామీ, దీంతో సరిపెట్టుకో అని దండం పెడతాము. ఆయన సరిపెట్టుకుంటాడు. మీ దేవునికి అట్లాంటి వెసులుబాటేమీ లేదా?"

"మాకు అట్లాంటిది లేదు."

"అడిగినావా?"

ఉగ్గాని చల్లారిపోయింది. సాయంత్రం పొద్దు వాలకముందే విజయమ్మ మొగుడి పందిరి కాడికి పోయింది.

"నువ్వు తండ్రివి. నువ్వొక్క మాటంటే అది నిలబడిపోతాది."

యేసుదాసు ఉలి ఆపలేదు. "ఇచ్చేటప్పుడు నువ్వొక్కదానివే ఇచ్చినావు. ఎనక్కి అడిగేటప్పుడు నేను గావాల్సి వచ్చినానా?"

"నీకిష్టమేనా అది పోయేది?"

ఉలి ఆగింది. అతని కనుబొమల మీద తెల్లని రాతిపొడి. "నాకిష్టమని నువ్వనుకుంటాండావా?" అన్నాడు. మళ్లీ సుత్తి ఎత్తాడు.

ఆదివారం విజయమ్మ ఉన్నవన్నీ వేసుకుంది. కమ్మలు, ముక్కుపుడక, గాజులు, సిలువ బిళ్ల గొలుసు.

"ఏందిమా, పెండ్లికి పోతాండావా?" అని కీర్తన నవ్వబోయింది.

"నీ పెండ్లికి ఏసుకోవాల్సినవి. ఇయ్యాల ఏసుకున్నా."

ముగ్గురూ నంద్యాల బస్సెక్కారు. సిరివెళ్ల దాటాక కీర్తన తల్లి భుజం మీద తల వాల్చింది. విజయమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది, కదిలితే లేస్తుందేమోనని.

ఆ గుడిలో ఒక పద్ధతి ఉంది. దూర దేశం పోయే బిడ్డను కన్నవాళ్లే అందరి ముందూ నిలబడి, తల మీద చేతులుంచి "ఇస్తున్నాము" అనాలి. ఆ మాట వాళ్ల నోట రాకపోతే సంఘం ఎవరినీ పంపదు. పాటలయ్యాయి, వాక్యం చెప్పడమయింది. పాస్టరు జోసెఫ్ అయ్యగారు ముగ్గురినీ ముందుకు పిలిచాడు. కీర్తన మోకాళ్లూనింది.

"యేసుదాసూ, విజయమ్మా, మీ బిడ్డను మనస్ఫూర్తిగా దేవుని పనికి ఇస్తున్నారా?"

యేసుదాసు పెదవులు కదిలాయి. ఏమన్నాడో అతనికే తెలియాలి. అయ్యగారు విజయమ్మ వైపు చూశాడు. ఆమె చేతులు కూతురి తల మీదికి పోలేదు. తన చెవులకు పోయాయి. కమ్మలు తీసి కానుకల పళ్లెంలో వేసింది. గాజులు తీసింది. గొలుసు తీసింది. ముక్కుపుడక శీల బిగుసుకుపోయి రాలేదు. ఒక్క గుంజు గుంజింది. పై పెదవి మీదికి నెత్తురు కారింది.

"ఇది తీసుకోండయ్యా. అంతా తీసుకోండి. నా కాడ ఇంతే ఉండాది. నా బిడ్డను ఇడిసిపెట్టండి."

గుడంతా బిర్రబిగుసుకుపోయింది. వెనక బెంచీల్లో ఎవరో తెలివిగా పాట ఎత్తుకున్నారు. అయ్యగారు పళ్లెం పట్టుకుని, ముగ్గురినీ గుడి వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

"ఏమిటమ్మా ఈ పని? మన దేవుడు బదులు తీసుకునేవాడు కాదు."

"అయితే ఆపొద్దు నా మాట ఎందుకు తీసుకున్నాడయ్యా? అదీ బదులే గదా! బతికియ్యి, ఇచ్చేస్తా అన్నా. అదేమన్నా భక్తా?"

అయ్యగారు పళ్లెం బల్ల మీద పెట్టాడు.

"అందరూ నేనిచ్చినానని అనుకుంటాండారు. నేనియ్యలేదయ్యా, అడిగినా. నా బిడ్డ నాకు గావాలని అడిగినా. ఉత్త చేతుల్తో ఎట్లడగాలో తెలీక, ఇస్తానని ఒక మాటన్నా. ఆ గడియలో నా ప్రాణమడిగినా ఇస్తాననేదాన్నే. తర్వాత మీరంతా స్తోత్రం స్తోత్రం అంటాంటే ఒళ్లు మరిచి, ఏటేటా అదే గొప్పగా చెప్పుకున్నా. అది పక్కనే నిలబడి వింటాందని ఒక్కనాడూ తోచలేదు నాకు." ఆమె కూతురి రెండు చేతులూ పట్టుకుంది. "పోవద్దు బిడ్డా. నీ కాళ్లు పట్టుకుంటా. ఆ పాపమేదో నాకే తగల్నీ."

"మాట్లాడద్దు మా. ముక్కు కదిలిస్తే నెత్తురాగదు."

కీర్తన తన చెంగుతో తల్లి ముక్కు తుడిచి, అదిమి పట్టింది. నెత్తురాగాక పళ్లెంలోంచి కమ్మలు తీసుకుని ఒక్కొక్కటే తల్లి చెవులకు పెట్టసాగింది. పసిబిడ్డలకు సూదులు వేసిన చేతులు, ఎన్నడూ తొణకనివి. ఇప్పుడు కమ్మ శీల దొరకక తడుముకుంటున్నాయి. గోడవారన యేసుదాసు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు.

బయట పాట అయిపోయింది. జనం మొదటి చరణం నుంచి మళ్లీ అందుకున్నారు.

జోసెఫ్ అయ్యగారు కీర్తన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "తల్లీ, బయట నేనేదో ఒకటి చెప్పాలి. అది నువ్వు చెప్పిందే చెబుతాను. మీ అమ్మ మొక్కు పక్కన పెట్టు. ఆ రోజు ఆమె ఆ మాట అననే లేదనుకో. అప్పుడూ పోతావా?"

యేసుదాసు తువ్వాలు తీసి ముందుకొచ్చాడు. "చెప్పు నాయనా. పోతానంటే నేనే నెత్తి మీద చేతులు పెట్టి గట్టిగా చెప్తా. ఉంటానంటే ఎవురేమన్నా నేనుండా."

విజయమ్మ కూడా తల ఊపింది. పోతానన్నా సరే అన్నట్టే ఊపింది. ఆ ఊపడానికి ఆమెకు ఉన్న శక్తంతా అయిపోయింది.

కీర్తన రెండో కమ్మ బిగించింది. తల్లి చెంప మీద చెయ్యి తియ్యకుండానే అయ్యగారి వైపు తిరిగింది.

"నాకెట్ల తెలుస్తాదయ్యగారూ? ఆ మాట లేకుండా నేనొక్క దినమన్నా బతికింటే గదా!"