గోడను అంటిన నీరు

తనిఖీదారు నూకరత్నం, అవతలి చప్పుడు వినిపించే గోడచెవిని పదకొండో సొరంగం గోడకు ఆనించి ఊపిరి బిగబట్టింది. అవతల నీరు పరుగెడుతోంది. సముద్రం అడుగున ఉన్న ఊరికి, నలభై వేలమందికి, తాగునీరంతా ఇందులోంచే పోవాలి.

నిన్న ఒక అతుకు వదులై, యంత్రాలను చల్లబరిచే విషపు శీతలద్రవం లోపలికి కారింది. అతుకు బిగించారు. నడిధారలో విషం కొలతలు ఇవాళ సున్నా. నీటి సుళ్ళను గీసి చూపే ఆమె చేతిలోని సుడిపటం మీద మాత్రం గోడ పొడవునా విషపు జాడగా పసుపు చారలు. విషం కొట్టుకుపోలేదు. గోడను పట్టుకుని మెల్లగా పాకే నీటిపొరలో, పాచిలో ఇరుక్కుని ఉంది. ఉండుండి ఒక సుడి లేచి, గుప్పెడు విషాన్ని నడిధారలోకి చిమ్మి అణిగిపోతోంది.

"ఏడింటికి ధార పెంచకు," అంది నూకరత్నం.

"సగటు గాఢత హద్దులోనే ఉంది," అంది తూముల తలుపులన్నీ నడిపే యంత్రబుద్ధి, జలపాలిక.

"సగటుని ఎవులు తాగుతారు? ధార రెట్టింపయితే సుళ్ళన్నీ ఒక్కపాలి లేస్తాయి. పాచంతా ముద్దలుగా ఊడొచ్చెస్తాది. మొదటి కుళాయి పురుళ్ళ వార్డుది."

"నా నమూనాలో ఆ ఘటన లేదు. ధార ఆపే అధికారం మీకు లేదు."

చెవిలోని రేడియోలో పైఅధికారి తాతారావు గొంతు పలికింది. "రత్నం, పైకొచ్చీమ్మా. నీరు ఆగితే నీ ఉద్యోగం పోతాది."

"పోనీండి బాబూ."

ఉదయం ఏడు కావడానికి ఆరు నిమిషాలే ఉన్నాయి. లోపల మనిషి ఉంటే జలపాలిక నీళ్ళు వదలకూడదు. ఆ ఒక్క నియమాన్నీ ఎవరూ మార్చలేరు. నూకరత్నం తనిఖీ తలుపు తిప్పి, మోకాలిలోతు చల్లటి నీళ్ళలోకి దిగింది. ఎగువన తూము తలుపు ధడేలున పడింది. నీరు తగ్గింది. బయటపడిన పాచి జిడ్డుగా మెరిసింది.

"ఎప్పుడు బయటికి వస్తారు?"

"గోడ కడిగేక."

"ఒక్కరికి పదకొండు రోజులు పడుతుంది. ఊళ్ళో నిల్వ సాయంత్రం దాకానే."

ఆమె జేబులోని గీకుడుపలక తీసి పాచి గీకడం మొదలుపెట్టింది. బారెడు గోడ తేటపడేసరికి భుజం లాగేసింది. చెయ్యి మార్చుకుంది.

వెనక నీళ్ళు చప్పుడయ్యాయి. తాతారావు పంచె ఎగగట్టి, చీపురుతో దిగుతున్నాడు. అతని వెనక పగటి పాళీ మనుషులు.

"లోపల ఇద్దరు," అంది జలపాలిక. "తొమ్మిది మంది. ఇరవై ఆరు." పని లెక్క మళ్ళీ వేసింది: సాయంత్రానికి అయిపోతుంది. "నూకరత్నం గారూ, గోడ దగ్గరి కొలతలు చెప్పండి. నమూనా మళ్ళీ కట్టాలి."

"రాసుకో," అంది ఆమె, గీకడం ఆపకుండానే.