ఏనుగుబావి దగ్గర వరస

మేడిగిరి దుర్గాన్ని ముట్టడించిన వీరభాను భూపతి గుడారాలు కొండ దిగువ నుండి ఎండిన ఏటి గట్టు దాకా పరుచుకొని ఉండగా, ఎండిన చెరువుల మీద లేచిన ధూళి మధ్యాహ్న సూర్యుణ్ణి సైతం మసకబార్చగా, కోటలోపల నీరు మిగిలినది ఒక్క ఏనుగుబావిలోనే.

ఆ బావికొక కట్టుబాటు ఉంది. గొర్రెలకాపరి ఇంట పుట్టి, జనం భుజాల మీద గద్దెనెక్కిన ఎఱ్ఱపోతరాజు పెట్టినది. తొలికడవ దిగువవాడకు, చివరికడవ రాచనగరికి. రాజు కూడా ఖాళీ చెంబుతో చివర నిలబడేవాడు. నిరుడు ఆయన కన్నుమూసినది మొదలు ఆ చోట రాణి మైలాంబ నిలబడుతోంది.

“ఇక చాలు,” అన్నాడు మంత్రి గుండనామాత్యుడు కొలువులో. “నీరు ముందు నగరికి, గుఱ్ఱాలకు. దిగువవాడ సంగతి మిగిలితే చూద్దాం.”

సేనాని కాటయ లేచాడు. “గోడ మీద నిలిచి పోరాడుతున్నది ఆ వాడవాళ్లే, అమాత్యా! ప్రభువులవారి ధర్మం మరిచారా?”

“ధర్మమా? అది జనంచేత జేజేలు కొట్టించుకునే విద్య, సేనానీ! ఏ రాతి మీద చెక్కించారు? ఏ పండితుడిచేత రాయించారు? మనిషితో పుట్టింది, మనిషితోనే కాటికి పోయింది. పోనీ, మహారాణీవారు సెలవియ్యండి. ఆ ధర్మమేమిటో ఆయన నోటి మాట ఒక్కటి చెప్పండి, తల వంచుతాను.”

మైలాంబ నోరు తెరిచింది. ఆయన మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని విన్న ప్రసంగాలన్నీ ఏమైపోయాయి? ఆయన గొంతు సవరించుకోవడం గుర్తుంది. నవ్వితే కదిలే మీసం గుర్తుంది. ఈ మధ్య ఆ ముఖమే చెరిగిపోతోంది. తాను మరిచిపోతే ఆయన రెండోసారి చచ్చిపోతాడని ఆమె భయం. నిండుకొలువులో తల దించుకుంది.

మంత్రి బావికి భటులను పంపాడు. వాళ్లు వెళ్లి, ఈటెలు గట్టుకు ఆనించి, వరసలో నిలబడ్డారు.

అది విన్న గుండన ముఖం నల్లబడింది. తన మాట చెల్లని కోట ఉంటేనేం, పోతేనేం అనుకున్నాడు. మరునాడు పడమటి ద్వారం గడియ లోపలి నుండే తీయించాడు. ఆ ద్వారపు ఇరుకులో శత్రువును అడ్డుకుంటూ కాటయ, అతని వెంట దిగువవాడ జనం, అడుగు వెనక్కి వేయకుండా నేలకొరిగారు. పొద్దు వాలకముందే కోట కూలింది.

నెత్తుటి కత్తితో, ఎండిన గొంతుతో వీరభానుడు బావి దగ్గరికి వచ్చాడు. పక్కన గుండన. “తొలగండి! ప్రభువులకు దారి!”

తాడు పట్టుకున్న దిగువవాడ ముమ్మడక్క కదలలేదు. ఆ పూటే ద్వారం దగ్గర కొడుకును పోగొట్టుకున్న మనిషి. “వరస చివరికి పో, నాయనా,” అంది.

“ఎవరి ఆజ్ఞ ఇది?” అరిచాడు గుండన.

“ఆజ్ఞేమిటయ్యా? ఇక్కడ నీళ్లు ఇట్లాగే తోడతారు.”

“కోట నాది,” అన్నాడు వీరభానుడు.

“నీదయితే మరీ చివర నిలబడాలి. అల్లదిగో, మా రాణమ్మ వెనక.” ఆమె కొడవలి తీసి తాడుకు ఆనించింది. “కాదంటే కోసేస్తా. మళ్లీ పేనవలసినవాళ్లమూ మేమే. అందాకా బావిలోకి తొంగిచూసుకుంటూ ఏలుకో.”

వరస నవ్వింది. అంత చావు మధ్య, పగిలిన పెదవులతో నవ్వింది. ఎవరూ చోటు వదలలేదు. ఎఱ్ఱపోతరాజు పేరు ఒక్కరూ ఎత్తలేదు.

వీరభానుడు కొడవలి వైపు చూశాడు. వెనక నాలుకలు పిడచగట్టుకుపోయిన తన సైన్యం వైపు చూశాడు. కత్తి ఒరలో దోపి, నడిచి వచ్చి మైలాంబ వెనక నిలబడ్డాడు. అతని వెనక గుండన.

“మహారాణీ,” అన్నాడు గుండన గొంతు తగ్గించి, “ఇది ఆయన అన్న మాటేనా?”

మైలాంబ అతని వైపు తిరిగింది. ఈసారి తల దించుకోలేదు.

“గుర్తులేదు, గుండనా. జరుగు, వరస కదిలింది.”