రెండు వేళ్ళ ఎత్తులో చావు

గేటు కాపలాదారు హమసాకి టిఫిన్ పెట్టె మూత తీశాడు. అన్నం మధ్యలో ఉన్న ఊరేసిన పండును ముందు తినాలా, ఆఖర్న తినాలా అని ఆలోచిస్తున్నాడు. ఆ ఆలోచన తెగలేదు. సైలెన్సర్ పిస్తోలు ఒక్కసారి దగ్గింది. అతని నుదురు అన్నంలో పడింది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు శవాన్ని కాపలా గదిలోకి ఈడ్చి, విచిత్రమైన పని ఒకటి చేశారు. ఇంటికెక్కే నిటారు ర్యాంపు పైన, వాలు ముగిసే గట్టు దగ్గర పరిచి ఉన్న చెక్క పలకల్ని పెరికి లోయలోకి విసిరేసి, తిరిగొచ్చి కాపలా గదిలో దాక్కున్నారు. మూడోవాడు మెడలో గ్యాస్ మాస్కు తగిలించుకుని గట్టు పక్కనున్న పొదల్లో దూరాడు.

నాగసాకి కొండల మీద కార్లున్నవాళ్ళకి ఆ పలకలు కాళ్ళకి చెప్పుల్లాంటివి. అవి లేకుండా ఎక్కిస్తే బండి అడుగు గట్టుకి గీరుకుంటుంది.

కాసేపటికి పార్సిల్ కంపెనీ టోపీ పెట్టుకుని, అట్టపెట్టె చంకన పెట్టుకుని ఏజెంట్ షిగెటా కొండెక్కి వచ్చాడు.

"వింటున్నావా?" చెవిలో చీఫ్ మురనగ గొంతు గరగరలాడింది. "పైన తోటలో పది దేశాల ప్రతినిధులు టిఫిన్ చేస్తున్నారు. ఇంటాయన హతనకకి కార్ల పిచ్చి. ఇవాళ ఆయనకి ఒక స్పోర్ట్స్ కారు బహుమతిగా వస్తోంది. పంపుతున్నది వార్నెక్."

"నల్లకొంగ ముఠా వార్నెక్కా? వాడు ఊరికే చెయ్యి కూడా ఊపడు కదా!"

"అందుకే నిన్ను పంపింది. కారు తోలేది రెయికా. జాగ్రత్త. ఆ పిల్ల మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది."

"ఇవాళ ఎవరికి?"

"నువ్వే అడుగు. బతికుంటే నాకూ చెప్పు."

మలుపులో కారు కనపడింది. నెత్తురు రంగు. నేల నాకుతూ వస్తున్నట్టుంది. ర్యాంపు మొదట్లో ఆగింది. తలుపు తెరుచుకుని ముందు ఎత్తు మడమల చెప్పులు, తర్వాత నల్లద్దాలు, ఆ వెనకే రెయికా బయటికొచ్చారు.

"పార్సిల్ బాబూ, కాస్టెల్లా కేకు తెచ్చావా?"

కోడ్.

"తెచ్చానండీ. అడుగున పంచదార కొంచెం మాడింది."

రెయికా నవ్వలేదు. "కేకు సంగతి సరే, కారు అడుగు చూడండి."

షిగెటా మోకాళ్ళ మీద కూర్చుని చేతి గడియారం అద్దాన్ని తిప్పాడు. అది పాకెట్ అద్దంలా మారింది. కారు పొట్ట కింద, నేలకి రెండు వేళ్ళ ఎత్తులో ఒక గాజు గొట్టం. లోపల ఆకుపచ్చ ద్రవం. పక్కన ఎర్ర దీపం నింపాదిగా మెరుస్తోంది.

"నరాల విషం. గట్టుకి పొట్ట తగిలితే గొట్టం పగులుతుంది. పైన తోటలో ఒక్కరూ మిగలరు. నేనూ మిగలను. ఆ సంగతి వార్నెక్ నాకు చెప్పలేదు, నేనే చూశాను," అంది రెయికా. "తగలకపోయినా టైమరుంది. దీపం తొందర తొందరగా మెరిసిందంటే..."

కాపలా గది తలుపు తెరుచుకుంది.

మొదటి గుండు అట్టపెట్టెలో దిగింది. షిగెటా పెట్టెను హంతకుడి మొహాన కొట్టి, దాని వెనకే దూకి, వాడి గొంతు మీద మోచేత్తో గుద్దాడు. లోపల ఏదో పటుక్కుమంది. రెండోవాడు రెయికా జుట్టు పట్టుకున్నాడు. ఆమె చెప్పు తీసి ఆ మడమను వాడి కంట్లో దింపింది. వాడి కేక పూర్తికాకుండానే షిగెటా పెన్ను నుంచి వెలువడిన గుండు వాడి కణతలో దూరింది.

"కొత్త చెప్పులు," అంది రెయికా, మడమను గడ్డికి తుడుస్తూ.

దీపం ఇప్పుడు చకచకా మెరుస్తోంది.

షిగెటా కిందికి చూశాడు. మెట్లదారిలో పసుపు టోపీల బడిపిల్లలు పాడుకుంటూ పైకి వస్తున్నారు. కారుని కిందికి తీసుకుపోవడం కుదరదు.

"పైన పెరట్లో యుద్ధకాలం నాటి సొరంగం ఉంది. ఉక్కు తలుపు. గాలి కూడా దూరదు," అన్నాడు. "అందులో పెట్టేద్దాం."

"గట్టు దాటితే కదా!"

షిగెటా చచ్చినవాళ్ళ పిస్తోలొకటి నడుములో దోపుకుని, వాళ్ళ బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు ఊడదీశాడు. లోపల రాతి పలకల్లాంటి బిళ్ళలు. గట్టుకి కొంచెం దిగువన, ముందు చక్రాలు వచ్చే చోట వాటిని మడిచి పరిచాడు. "పలకలు పీకినవాళ్ళే పలకలిచ్చారు. గొట్టం ముందు చక్రాల వైపుంది. నేను బండి తిప్పి వెనక్కి ఎక్కిస్తాను, ఏటవాలుగా. ముందు చక్రాలు వీటిని ఎక్కితే పొట్ట లేస్తుంది. నువ్వు ఓరాయ్ చెప్పు."

వెనక్కి వచ్చే బండికి దారి చూపేవాళ్ళు ఇక్కడ అరిచే మాట అదే. రెయికా గట్టు పక్కన బోర్లా పడుకుని చెంప నేలకి ఆనించింది.

"ఓరాయ్! ఓరాయ్!"

కారు మూలుగుతూ వెనక్కి ఎక్కింది. వెనక చక్రం ఒకటి గట్టు దాటింది. తర్వాత రెండోది. ఇక పొట్ట రావాలి.

"ఓరాయ్! ఓరాయ్! ఓరాయ్!"

షిగెటా కాలు బ్రేకు మీదికి దానంతటదే వెళ్ళింది.

ఈ కొండల్లో పుట్టినవాళ్ళెవరైనా, గట్టు దగ్గరపడేకొద్దీ ఆ పిలుపును సాగదీస్తారు. ఓ... రా... య్ అని ఊపిరి బిగబట్టి లాగుతారు. రెయికా ఇక్కడి పిల్లే. ఇప్పుడు మాత్రం గుళ్ళో గంట కొట్టినట్టు ఒకే వేగంతో అరుస్తోంది.

"ఆగాడేం? రమ్మను!" మగ గొంతు ఆమె చెవిలో గుసగుసలాడింది.

పొదల్లోంచి పాకి వచ్చిన మూడోవాడు, దోయి. మొహానికి మాస్కు. పిస్తోలు రెయికా మెడ మీద. వాడికున్నది జపాన్ పేరే గానీ, పెరిగింది వార్నెక్ పెరట్లో. పిలుపు సాగలేదని వాడికి తెలియలేదు.

షిగెటా తలుపును జానెడు తెరిచాడు. వేరే కారైతే అక్కణ్ణుంచి ఆకాశం కనపడేది. ఈ కారు సీటు నేలబారు. ఎదురుగా దోయి బూటు. పేల్చాడు. చీలమండ చిట్లిపోయి దోయి కూలాడు. మాస్కు గాజు షిగెటా కళ్ళకి సూటిగా వచ్చింది. రెండో గుండు ఆ గాజును పగలగొట్టి లోపలికి పోయింది.

రెయికా మొహం మీద చిందిన నెత్తురు తుడుచుకోలేదు. చెంప మళ్ళీ నేలకి ఆనించింది.

"ఓ... రా... య్..."

ముందు చక్రాలు జాకెట్లు ఎక్కాయి. పొట్ట లేచింది.

"ఓ... రా... ఆగండి! కొంచెం ఎడమకి. చాలు. ఓ... రా... య్..."

బిగబట్టిన ఊపిరి వదిలింది. "దాటింది!"

షిగెటా కారుని పెరట్లోంచి వెనక్కే సొరంగంలోకి ఉరికించి, ఆపి, బయటికి దూకాడు. దీపం మెరవడం మానేసి నిలకడగా వెలిగింది. ఇద్దరూ భుజాలేసి తలుపు నెట్టారు. గడియ పడిన క్షణంలోనే లోపల గాజు భళ్ళుమంది.

ఇద్దరూ తలుపుకి వీపు ఆనించి కూలబడ్డారు.

"ఇంతకీ ఇవాళ ఎవరికి పనిచేశావు?" అడిగాడు షిగెటా.

"నాకు," అంది రెయికా.

చప్పుడుకి హతనక చేతిలో టీ కప్పుతో పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరి నెత్తుటి బట్టల్ని చూశాడు. మూసిన తలుపును చూశాడు. కంగారుగా అడిగాడు:

"నా కారుకి గీతలేం పడలేదు కదా?"

"ఒక్కటి కూడా పడలేదండీ," అన్నాడు షిగెటా టోపీ సర్దుకుంటూ. "చూడాలనుకుంటే మాత్రం మీ మునిమనవణ్ణి పంపండి."