ఉలవలు పరిచిన దారి

రహదారులను నడిపే దారిమెదడు గంగిరేవుల పేరు పక్కన జనాభా సున్నా అని చూపించింది. ఆ సున్నాను కళ్లతో చూసి సరే అనడమే గౌసియా ఉద్యోగం. వెనకాలే చదునుబండి వస్తోంది. మనిషి ఉన్నట్టు తెలిపే ముంజేతి కడియం ఒక్కటైనా పలకని ఊరిని రాష్ట్ర రహదారి మీద ఉంచరు. ఇళ్లు పడగొట్టి దారిలో కలిపేస్తారు. మనుషులే లేని ఊరి కోసం లారీలు నెమ్మదించడం ఎందుకని మెదడు వాదన. వినడానికి బాగానే ఉంటుంది.

మలుపు తిరగగానే గౌసియా స్కూటరు ఆపేసింది. రోడ్డు నిండా ఉలవకట్టె. దాన్ని కర్రలతో తిరగేస్తూ ఊరు ఊరంతా అక్కడే ఉంది. డ్రైవరు లేని లారీ వచ్చినప్పుడల్లా జనం పక్కకు తప్పుకుంటున్నారు, అది కాయలు చిట్లగొట్టుకుంటూ పోతోంది. ఒక్కరి చేతికీ కడియం లేదు.

ఓబులమ్మ అనే పెద్దావిడ తాపీగా సంగతి చెప్పింది. కడియం కనబడితే లారీలు దూరంగానే ఆగిపోతాయట. ఆగిన లారీ నూర్పిడి చేస్తుందా? అందుకని కల్లం రోజుల్లో కడియాలన్నీ తీసి ఇనపడబ్బాలో పెట్టి మూత బిగించేవారు. పోనుపోను వాటిని బయటికి తీయడమే మానేశారు. ఓరి దేవుడా, నాలుగు బస్తాల ఉలవల కోసం ఊరే లెక్కలోంచి మాయమైపోయింది!

గౌసియా డబ్బా తెరిపించింది. కడియాలన్నీ చచ్చిపోయి ఉన్నాయి. చాలాకాలం పలకనివాటిని మెదడు లెక్కలోంచి కొట్టేస్తుంది. ఇక్కడ మనుషులున్నారని ఆమె తన కడియంలో దానికి చెప్పింది. కడియం లేనివి పశువులై ఉంటాయని, బండి చప్పుడుకు అవే తప్పుకుంటాయని మెదడు ఎంతో మర్యాదగా జవాబిచ్చింది.

ఈలోగా చదునుబండి మొదటి ఇంటి అరుగును పెళ్లగించింది. జనం కర్రలు పారేసి పరుగెత్తారు.

“బిడ్డలు లోపల నిద్రపోతాండారమ్మా,” అంది ఓబులమ్మ.

గౌసియా వెళ్లి బండికి అడ్డంగా రోడ్డు మీద కూర్చుంది. ఆమె కడియం పసిగట్టి బండి ఆగింది. ఉద్యోగి తప్పుకోవాలని, లేకుంటే పక్కనుంచి పని సాగుతుందని మెదడు హెచ్చరించింది. నిబంధన ప్రకారం పనిని ఆపే హక్కు ఆ ఊరి మనిషిదే. ఒక మనిషికి ఒకే నివాసం. వదులుకున్న ఇల్లు రహదారిది. గౌసియా నివాసం ఇదే రహదారి మీది నందిమిట్టలో అమ్మ కట్టించిన రెండు గదులు. అమ్మ పోయాక అక్కడ ఆమె ఒక్కతే ఉంటోంది. ఆమె నందిమిట్ట వైపు ఒకసారి చూసి, కడియాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

“నా నివాసం మార్చు,” అంది. “ఇక నుంచి గంగిరేవుల.”

మెదడు ఆ మార్పును నమోదు చేసుకుంది. ఒక్కరున్నా ఊరు ఊరేనన్నది దాని సొంత నిబంధన. చదునుబండి వెనక్కి తిరిగింది. రోడ్డు మీద ఊరి మనిషి కూర్చుని ఉంది కనుక ఇటు లారీలు ఇటే, అటువి అటే ఆగిపోయి కనుచూపు మేర వరసకట్టాయి.

కడియం మళ్లీ పలికింది. నందిమిట్ట ఇల్లు ఇప్పుడు రహదారిదనీ, చదునుబండి అక్కడికే బయల్దేరిందనీ, సహకరించినందుకు కృతజ్ఞతలనీ చెప్పింది.

ఇప్పుడే స్కూటరెక్కితే బండి కంటే ముందు ఇల్లు చేరుకోవచ్చు, కానీ ఇక్కడ పలికే కడియం ఒక్కటీ మిగలదు. గౌసియా చేతులు నేలకు ఆనించి లేవబోయింది. ఓబులమ్మ వచ్చి పక్కనే చతికిలబడి, కడియం ఉన్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“ఈడనే ఉండు తల్లీ. నువ్వుంటేనే మేమున్నట్టు.”